ఒక్క ఆసుపత్రి కంటికి కానరానిది

1952వ సంవత్సరపు వేసవి చివరను డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ నగరమున పోలియో వ్యాధి ప్రబలి, ఊపిరి తీయు కండరములు చచ్చుబడిన రోగులు, వారిలో ముఖ్యముగా పిల్లలు, బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి దినదినమును రాసాగిరి. అచ్చట నున్న శ్వాసయంత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి; మొదట చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. అట్టి నిస్సహాయస్థితిలో మత్తుమందు వైద్యుడైన బియోర్న్ ఇబ్‌సెన్, పండ్రెండేండ్ల బాలిక యొకతెకు కంఠనాళమున రంధ్రము చేయించి, అందుండి గొట్టమును పంపి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ప్రాణవాయువు నందించి ఆమెను మృత్యుముఖము నుండి తప్పించెను. పిదప నెలల తరబడి సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా పడకల ప్రక్కన కూర్చుండి రేయింబవళ్లు ఆ సంచులను నొక్కుచుండగా, చావులు సగమునకు మించి తగ్గినవి. నేడు మనము ఐ.సి.యు. అని పిలుచు వ్యవస్థకు బీజము పడినది అచ్చటనే. మూడేండ్లకే స్వీడనులోని గోటెబోర్గు నగరమున పిల్లల కొఱకే ప్రత్యేకించిన విభాగము వెలసినది.

ఆ విజయమును గుర్తించుటకు గణితశాస్త్రముతో పనిలేకపోయినది. నిన్న చనిపోవుచుండినవారు నేడు బ్రదుకుచున్నారు. గుమ్మములో నిలిచి చూచినవానికి సైతము భేదము తెలిసినది. కాని వైద్యశాస్త్రమున నిట్టి అద్భుతములు తఱచుగా సంభవించునవి కావు. పెద్ద మెట్టు ఎక్కిన తరువాత మిగులునవన్నియు చిన్న మెట్లే. నూటికి పదిమంది చనిపోవుచుండిన వ్యాధిలో ఏడుగురే చనిపోవునట్లు చేయగలిగినచో అది గొప్ప మేలు. నూఱిండ్లలో మూడిండ్ల దీపము నిలుపుట. కాని ఆ మేలు ఏ యొక్క వైద్యుని కంటికిని కానరాదు. అంతకన్న భయంకరమైన సంగతి యేమనగా, చికిత్సవలన ఏడుగురికి బదులు పదిమంది చనిపోవుచుండిన యెడల, ఆ కీడు కూడ కానరాదు.

1991లో వాషింగ్టను నగరమందలి యొక పిల్లల ఆసుపత్రి నుండి వెలువడిన చిన్న పరిశోధనపత్రము నిచ్చట స్మరింపవలసియున్నది. సూక్ష్మక్రిములు దేహమంతట విషము నింపగా రక్తప్రసారము కుంటువడి షాక్ స్థితికి చేరిన 34 మంది పిల్లల చరిత్రలను ఆ వైద్యులు పరిశీలించిరి. మొదటి గంటలో కిలో బరువునకు 40 మిల్లీలీటర్లకు మించి సెలైను మొదలగు ద్రవములు ఎక్కింపబడినవారు తొమ్మండుగురు. వారిలో ఎనిమిదిమంది బ్రదికిరి. తక్కువ ద్రవము పొందిన ఇరువదియైదుగురిలో బ్రదికినవారు పదిమంది మాత్రమే. ఆశ గొల్పు లెక్క. దానిని ప్రకటించినవారు చిత్తశుద్ధి గల పరిశోధకులు. పైగా రక్తనాళములలో ద్రవము తఱిగినప్పుడు ద్రవమును నింపవలెననుట శరీరధర్మశాస్త్రమునకు సమ్మతమైన మాట. కావున కాలక్రమమున, షాక్‌లో నున్న బిడ్డకు త్వరత్వరగా పెద్ద మొత్తమున సెలైను ఎక్కింపవలెననునది ప్రపంచమంతట బోధనాసూత్రముగా స్థిరపడినది. వైద్యులు దానికి బోలస్ అని పేరు పెట్టిరి. దాని క్రింద నున్న పునాదిలో తొమ్మండుగురు పిల్లలు కలరనుట కాలము గడచినకొలది జనులు మఱచిరి.

అంత తక్కువమందిని నమ్ముకొనుట ఏల యని పాఠకు లడుగవచ్చును. పిల్లల తీవ్రచికిత్సలో నున్న కష్టము అదే. సమాజమున బిడ్డలు స్వభావముచేత ఆరోగ్యవంతులు. ప్రాణాపాయస్థితికి వచ్చువారు పెద్దలతో పోల్చిన మిక్కిలి తక్కువ. వచ్చినవారిలోను ఒకడు మూడు కిలోల పసికందు, మఱియొకడు అఱువది కిలోల పదునైదేండ్ల బాలుడు. ఒకరికి న్యుమోనియా, వేఱొకరికి మెదడువాపు, ఇంకొకరికి పుట్టుకతోడి గుండెజబ్బు. ఒకే రోగముతో, ఒకే ఈడులో, ఒకే తీవ్రతతో నున్నవారిని ఏఱుకొనబోయినచో పెద్ద ఆసుపత్రికి సైతము ఏడాదికి గుప్పెడుమంది దొరకుదురు. మఱి పైని చెప్పిన భేదమును, అనగా నూటికి పది చావులు ఏడునకు తగ్గుటను, యాదృచ్ఛికము కాదని నమ్మదగినట్లు నిరూపించుటకు సామాన్య గణాంకసూత్రము ప్రకారము సుమారు 2,700 మంది పిల్లలు కావలెను. ఒక్క పొలములో పడిన చినుకులను చూచి జిల్లా వర్షపాతము చెప్పబోయినట్లుండును, ఒక్క ఆసుపత్రి అనుభవముతో నిట్టి ప్రశ్నలకు జవాబు చెప్పబూనుట.

ఈ వివేకమునుండి పుట్టినవే సహకార పరిశోధక కూటములు. కెనడాలో తీవ్రచికిత్సా వైద్యులు 1989లోనే యొక పరిశోధకబృందముగా నేర్పడిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల పిల్లల ఐ.సి.యు.లు 1997 నుండి ఉమ్మడి చిట్టాను నడుపుచున్నవి. బ్రిటనులో 2002 నవంబరు మొదలుకొని పికానెట్ అను పేర ఆ పని సాగుచున్నది. ఉత్తర అమెరికాలో శ్వాసకోశముల దెబ్బను, సూక్ష్మక్రిముల విషము దేహమంతట నిండు సెప్సిస్‌ను ప్రధానలక్ష్యములుగా గొని పాలిసీ యను కూటమి ఏర్పడినది. పేర్లు వేఱైనను ధర్మ మొకటియే: నా రోగి, నీ రోగి యను భేదమును విడిచి, ఒక ప్రశ్నను అందఱును ఒకే మాటలలో వ్రాసికొని, ఒకే కొలతతో కొలిచి, ఒకే పట్టికలో నమోదు చేయుట.

వినుటకు సులువుగానున్న ఈ ధర్మము ఆచరణమున ఎంత కఠినమో ఆ విభాగములలో పనిచేసినవా రెఱుగుదురు. వైద్యునికి తన అనుభవముపై గల విశ్వాసము ఆత్మగౌరవముతో పెనవేసికొని యుండును. 'నేను ఇరువదియేండ్లుగా ఇట్లే చేయుచున్నాను, నా రోగులు కోలుకొనుచున్నారు' అనుకొనువాడు, రేపటినుండి తన రోగులైన బిడ్డలలో సగముమందికి, చీట్లు వేసి తీసిన చీటి చెప్పినట్లు, వేఱొక చికిత్స చేయుట కొప్పుకొనవలెను. ఒప్పుకొనుటయనగా, తనకు తెలియదని పదిమంది యెదుట పలుకుట. పరిశోధక కూటములకు ప్రవేశరుసుము ఏదేని కలదన్న అది ఈ యొక్క మాటయే యని నా నమ్మకము.

రక్తమెక్కించుటను గూర్చిన పరీక్ష దీనికి మంచి నిదర్శనము. రక్తములో హిమోగ్లోబిన్ ఎంతకు తగ్గినప్పుడు బిడ్డకు రక్తమెక్కింపవలెను? ఎవరి అలవాటు వారిది. మాంట్రియల్ వైద్యుడు జాక్ లక్రోవా నాయకత్వమున నాలుగు దేశములలోని 19 ఐ.సి.యు.లు కలిసి, నిలకడగానున్న 637 మంది పిల్లలను రెండుగా విభజించినవి: ఒక పక్షమునకు హిమోగ్లోబిన్ 9.5 గ్రాములకు తగ్గగనే రక్తము, రెండవ పక్షమునకు 7 గ్రాములకు తగ్గిననే రక్తము. 2007లో ఫలితములు వెలువడినవి. రెండు పక్షములలోను అవయవములు క్రొత్తగా దెబ్బతినిన పిల్లల నిష్పత్తి నూటికి 12. 28 దినములలో చనిపోయినవారు ఇటు 14, అటు 14. కాని 7 గ్రాముల నియమమును పాటించిన పక్షములో సగముమందికి పైగా ఒక్క సీసా రక్తమైనను లేకయే కోలుకొనిరి. 2001 నవంబరు నుండి 2005 ఆగస్టు వఱకు, రమారమి నాలుగేండ్లు, 19 ఆసుపత్రులు పాటుపడగా 637 మంది కూడిరి. ఏ యొక ఆసుపత్రియో ఒంటరిగా ఈ పనికి పూనుకొని యుండినచో డెబ్బదియేండ్లకు మించి పట్టియుండును. అడిగిన వైద్యుడు జవాబు వినుటకు బ్రదికియుండడు.

ఇక సెలైను కథకు మరలుదము. ధనికదేశముల పాఠ్యగ్రంథములలో స్థిరపడిన బోలస్ పద్ధతి ఆఫ్రికా ఆసుపత్రులకు తగునా యను ప్రశ్న కెన్యాలోని కిలిఫీ పట్టణమున పిల్లలవైద్యము చేయుచుండిన డాక్టరు కాథ్రిన్ మేట్లండ్‌ను వేధించినది. ఆ కాలమున అచ్చటి పెక్కు ఆసుపత్రులలో వెంటిలేటర్లు లేవు. జ్వరముతో వచ్చిన బిడ్డలకు బోలస్ ఈయకుండుటయే వాడుక. దానిని ప్రవేశపెట్టిన యెడల ఎందఱి ప్రాణములో దక్కునని పెక్కుమంది యెదురుచూచుచుండిరి. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశములలోని ఆఱు ఆసుపత్రులు కలిసి 2009 జనవరిలో ఫీస్ట్ అను పరీక్షను ఆరంభించినవి.

ఆ పరీక్షలో చేర్పు జరిగిన తీరును కొంచెము దగ్గఱనుండి చూడవలెను. రెండు నెలలు మొదలు పండ్రెండేండ్ల వఱకు ఈడుగల బిడ్డ జ్వరముతో, ఆయాసముతోనో స్పృహ తప్పియో వచ్చును. వైద్యుడు బిడ్డ వ్రేలిగోటిని నొక్కి విడిచి, తెల్లబడిన చోట మరల ఎఱుపెక్కుటకు ఎన్ని క్షణములు పట్టినదో లెక్కించును. మూడు సెకనులు గాని అంతకు మించి గాని పట్టినచో రక్తప్రసారము కుంటువడినదని గుర్తు. తరువాత తన చేతి వెనుకభాగమును బిడ్డ పాదమునుండి మోకాలివైపునకు జరుపుచు, చల్లదనము వెచ్చదనముగా మాఱు చోటున్నదేమో చూచును. మణికట్టు నాడి బలహీనముగా నున్నదా, గుండె మితిమీఱిన వేగముతో కొట్టుకొనుచున్నదా యని పరీక్షించును. గడియారమును, చేతిని మించిన పరికరము లేవియు దీనికి అక్కఱలేదు. గుర్తులు కుదిరినచో, వరుస అంకెలు గల అపారదర్శకమైన కవరులలో తరువాతిదానిని తెఱచును. లోపలి చీటీ మూడింటిలో నొకటి చెప్పును: ఆల్బుమిన్ (రక్తములోని ఒక ప్రోటీను) గల ద్రవపు బోలస్, సెలైను బోలస్, లేదా బోలస్ లేకుండ నిమ్మళముగా దేహావసరమునకు సరిపడు ద్రవము. యాంటీబయోటిక్సు, మలేరియా మందులు, అవసరమైనవారికి రక్తము, ఇవి మూడు పక్షములకును సమానము.

3,600 మందిని చేర్చుకొనవలెనని సంకల్పము. 3,141 మంది చేరిన పిమ్మట, 2011 జనవరిలో, పరీక్షతో సంబంధములేని నిపుణుల పర్యవేక్షకసంఘము లెక్కలు చూచి, ఇక చేర్చుకొనుట ఆపుమని ఆదేశించినది. నలువది యెనిమిది గంటలలో ఆల్బుమిన్ బోలస్ పొందిన 1,050 మందిలో 111 మంది, సెలైను బోలస్ పొందిన 1,047 మందిలో 110 మంది, బోలస్ లేని 1,044 మందిలో 76 మంది మరణించిరి. నూటికి పదిన్నర ఒక ప్రక్క, ఏడుంబావు రెండవ ప్రక్క. ప్రాణరక్షకమని ఎల్లరు నమ్మిన చికిత్సయే వందకు ముగ్గురిని అదనముగా బలిగొన్నది.

ఈ పరీక్షాఫలితములలో నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా కలచినది మఱియొక లెక్క. బోలస్ పొందినవారిలో నూటికి 43 మందికి మొదటి గంటలోనే షాక్ లక్షణములు తొలగిపోయినవి. బోలస్ లేనివారిలో అట్లు తొలగినది 32 మందికే. అనగా బోలస్ ఇచ్చిన వైద్యునికి తన కన్నులు చెప్పినది అబద్ధము కాదు. నాడి నిండినది, పాదములు వెచ్చబడినవి. తల్లి ముఖమున ఆశ మొలకెత్తియుండును. ఆ బిడ్డ మఱుసటి దినమున చనిపోయిన యెడల వైద్యుడు రోగమునే నిందించునుగాని, నిన్న తాను చూచిన మెఱుగుదలను అనుమానింపడు. గంటకు సత్యమైనది రెండుదినములకు సత్యము కాకపోవుట, ఒక్క పడకప్రక్కన నిలిచినవానికి ఎన్నటికిని తెలియరాని సంగతి. మూడువేల పడకలను ఒక్క వరుసలో నిలిపి చూచినప్పుడే అది బయటపడినది. ద్రవము ఎక్కువై ఊపిరితిత్తులు నిండుటవలన గాక, హృదయ రక్తనాళవ్యవస్థ కుప్పకూలుటవలననే ఈ అదనపు చావులు ఎక్కువగా జరిగినట్లు పిమ్మటి పరిశీలనలో తేలినది.

ఈ ఫలితమును వినినవారిలో పెక్కుమంది మొదట నమ్మలేదు. మలేరియా రోగు లధికముగా నుండుటచేత ఇట్లయినదనిరి. వెంటిలేటర్లు లేకపోవుటచేత ననిరి. ఆక్షేపణలలో న్యాయము లేకపోలేదు. ఆఫ్రికా గ్రామసీమల ఆసుపత్రిలోని సత్యము లండను ఐ.సి.యు.లో అక్షరాల చెల్లుననుటకు వీలులేదు. 2020లో వెలువడిన అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకములు ఈ భేదమును పాటించినవి: తీవ్రచికిత్సావసతి గలచోట జాగ్రత్తతో బోలస్ ఈయవచ్చును, అట్టి వసతి లేనిచోట, రక్తపోటు పడిపోనంతవఱకు, బోలస్ ఈయరాదు. ఇచ్చట తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక అవసరము. వాంతులు, విరేచనములవలన నీరు కోల్పోయిన బిడ్డలను ఈ పరీక్షలో చేర్చుకొనలేదు. వారికి ద్రవమే ప్రాణము, ఓ.ఆర్.ఎస్. నీటిని ఎవ్వరు మానరాదు. మన జిల్లాలలో వానకాలమున తల్లులను భయపెట్టు డెంగీ షాక్ సైతము వేఱు జాతి. అందులో రక్తనాళములనుండి ద్రవము బయటకు ఊరిపోవును గనుక, కొలత ప్రకారము ద్రవము నిచ్చుటయే చికిత్సకు మూలము.

పరిశోధన యనగానే సామాన్యునికి కలుగు మొదటి శంక అనుమతిని గూర్చినది. బిడ్డ ఊపిరి కొట్టుమిట్టాడుచుండగా తండ్రికి పది పుటల కాగితము నిచ్చి సంతకము పెట్టుమనుట క్రూరము, అడుగకుండుట అన్యాయము. ఫీస్ట్ పరీక్షలో, పరిశోధనా నీతిసంఘముల ఆమోదముతో, మొదట నోటిమాటగా తల్లిదండ్రుల సమ్మతి నడిగి, బిడ్డ నిలకడపడిన తరువాత సావకాశముగా వివరించి వ్రాతపూర్వకమైన అనుమతిని తీసికొనిరి. బ్రిటనులో 15 పిల్లల ఐ.సి.యు.లు 2,040 మందితో, వెంటిలేటరుపై నున్న బిడ్డ రక్తమున ప్రాణవాయువు నూటికి 88 నుండి 92 పాళ్లున్న చాలునా, 94కు మించి యుండవలెనా యని పరీక్షించినపుడు, చేర్చుకొనిన పిదప అనుమతి యడుగు పద్ధతిని అవలంబించినవి. తక్కువ పాళ్లతో తృప్తిపడిన పక్షమునకే కొద్దిపాటి మేలు కనబడినది. నిస్సందేహముగా నేనిట్టి పద్ధతులను సమర్థించువాడను. ఏలయన, తెలియని చికిత్సను తెలిసినట్లు చేయుట కూడ ప్రయోగమే. దాని ఫలితమును ఎవ్వరును వ్రాసియుంచరు, అంతే భేదము.

ఈ కూటముల కృషి యంతయు విజయగాథ కాదు. గుండె ఆగి తిరిగి కొట్టుకొనిన పిల్లల దేహమును 33 డిగ్రీలకు చల్లబఱచిన మెదడు దక్కునా యని అమెరికా, కెనడాలలోని 38 ఆసుపత్రులు కలిసి పరీక్షింపగా, మూడేండ్లకు పైగా శ్రమించిన మీదట చేరినవారు 295 మంది. ఏడాది గడచునప్పటికి మంచిస్థితిలో బ్రదికియున్నవారు చల్లబఱచిన పక్షమున నూటికి 20, రెండవ పక్షమున 12. మేలువలె కానవచ్చుచున్నను, యాదృచ్ఛికము కావచ్చునన్న శంక తీఱనందున 2015లో పరిశోధకులు నిరూపితము కాలేదనియే ప్రకటించిరి. అదే యేట, మార్తా కర్లీ యను నర్సు నాయకత్వమున 31 ఐ.సి.యు.లలో 2,449 మందిపై జరిగిన మఱియొక పరీక్షయు వెలువడినది. వెంటిలేటరుపై నున్న బిడ్డలకు మత్తుమందును నర్సులే నియమప్రకారము తగ్గించుచు రాగా, ఊపిరియంత్రముపై గడుపు దినములు తగ్గలేదు. పిల్లలు మాత్రము ఎక్కువ సమయము మెలకువతో ప్రశాంతముగా నుండగలిగిరి. అనుకొనినది కాలేదని చెప్పుటకై వేలమంది నర్సులు, వైద్యులు ఏండ్ల తరబడి శ్రమించుటలో నొక ఘనత కలదు.

పరీక్షలకు ముందు భాష కుదురవలెను. సెప్సిస్ అని మాంట్రియల్‌లో పిలిచినది, ఢాకాలో పిలిచినది ఒకటి కానిచో రెండు లెక్కలను కలుపుట యెట్లు? 2024 జనవరిలో ప్రకటింపబడిన ఫీనిక్స్ ప్రమాణములు ఈ చిక్కును తీర్పబూనినవి. అయిదు దేశములలోని పది ఆసుపత్రుల నుండి ముప్పది లక్షలకు పైగా శిశురోగుల నమోదులను సేకరించి, ఏ యే అవయవముల దెబ్బ ప్రాణాంతకమగుచున్నదో తూచి, ఊపిరితిత్తులు, హృదయ రక్తనాళవ్యవస్థ, రక్తము గడ్డకట్టు గుణము, మెదడు అను నాలుగింటికి అంకములు కట్టిరి. సూక్ష్మక్రిములు సోకినవన్న అనుమానమున్న బిడ్డకు రెండు అంకములు కూడినచో సెప్సిస్ అని అర్థము. ఆ గుర్తుతో ఏఱిన పిల్లలలో, వనరులు గల ఆసుపత్రులలో నూటికి 7.1 మంది చనిపోగా, వనరులు తక్కువగా నున్నచోట్ల 28.5 మంది చనిపోయిరి.

ఆ నమోదులు వచ్చిన దేశములు అమెరికా, కొలంబియా, బంగ్లాదేశము, చైనా, కెన్యా. ఇన్ని కోట్ల పిల్లలు గల భారతదేశము ఆ పట్టికలో లేదు. మన ప్రభుత్వాసుపత్రులలో రోగులకు కొదువ లేదు. ఒక్క వానకాలములో మన పిల్లల వార్డులకు వచ్చు డెంగీ రోగుల సంఖ్యను చూచిన విదేశీ పరిశోధకులు ఆశ్చర్యపడుదురు. కొఱవడినది చిట్టా. రాత్రి రెండుగంటలకు ముప్పదిమంది బిడ్డలను ఒంటరిగా చూచుకొను పి.జి. విద్యార్థి, నాడి వేగమును, గోటి ఎఱుపు తిరిగివచ్చిన క్షణములను, ఎక్కించిన సెలైను కొలతను ఒక చీటీపై గీకి కేసుషీటులో గ్రుచ్చును. బిడ్డ ఇంటికి పోయిన తరువాత ఆ కేసుషీటు రికార్డుగదిలో మూటగట్టబడును. వేఱొక ఊరి ఆసుపత్రికి పంపబడిన బిడ్డ ఏమైనదో మొదటి ఆసుపత్రికి తెలియు మార్గము లేదు. వైద్యకళాశాలలకు పిల్లల ఐ.సి.యు. పడకలను మంజూరు చేయు ప్రభుత్వములు, ప్రతి పది పడకలకు ఒక్క నమోదుగుమాస్తాను, కర్నూలు మొదలు వరంగల్లు వఱకు ఒకే నమూనాలో నుండు ఒక్క పుటను ఇచ్చిన చాలును. డెంగీ షాక్‌లో ఏ ద్రవము, ఎంత వేగముతో, ఏ ఈడు బిడ్డకు అను ప్రశ్నకు మన పిల్లలనుండియే జవాబు రాబట్టు పని రెండు మూడు వానకాలములలో మొదలు పెట్టవచ్చును.